కొత్త పికప్ మీ గిటార్‌లో పడుతుందా? డబ్బు కట్టే ముందు ఇలా కొలిచి చూసుకోండి

పికప్ అంటే ఎలక్ట్రిక్ గిటార్‌లో స్ట్రింగ్స్ కింద ఉండి వాటి కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది, లోపల అయస్కాంతం, సన్నటి రాగితీగ చుట్ట (కాయిల్) ఉంటాయి. బాక్స్ మీద ‘హంబకర్’ (రెండు కాయిల్స్ ఉండే రకం) అని రాసుంది, మీ గిటార్‌లో బ్రిడ్జ్ (స్ట్రింగ్స్ కింది చివర ఆనే భాగం) దగ్గర ఉన్నదీ హంబకరే, ఇంకేముంది పడుతుందిలే అని ఆర్డర్ పెట్టేస్తాం. చాలాసార్లు పడుతుంది కూడా. పడని ఆ ఒక్కసారి మాత్రం నాలుగైదు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయి ఏడిపిస్తుంది. నాకు అలాగే అయింది. తిరుపతిలో ఉంటే ఇంకా కష్టం. ఇక్కడి మ్యూజిక్ షాపుల్లో వీణ తీగలు, హార్మోనియం, మృదంగం, అకౌస్టిక్ గిటార్లు, వాటి స్ట్రింగ్స్ దొరుకుతాయి గానీ, ఎలక్ట్రిక్ గిటార్ పికప్ చేతికిచ్చి ‘పెట్టి చూసుకోన్నా’ అనే అంగడి నాకైతే ఇంతవరకు కనబడలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదంటే చెన్నై బస్సెక్కాలి. తెప్పించుకున్నాక వైరు కొంచెం కత్తిరించి సాల్డరింగ్ పెట్టామంటే వాపసు సంగతి మర్చిపోవాల్సిందే. అందుకని కొలతలన్నీ కొనకముందే తీసుకోవాలి. గంట పని, అంతే.

ముందు పనిముట్లు దగ్గర పెట్టుకోండి. స్టీలు స్కేలు చాలు గానీ వెర్నియర్ కాలిపర్ ఉంటే బాగా కుదురుతుంది, ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో మార్కుల కోసం పట్టుకుని మళ్లీ ముట్టలేదే, అదే. ప్లాస్టిక్‌దైతే ఇంకా మంచిది, పికప్ అయస్కాంతానికి అతుక్కోదు. స్టార్ స్క్రూడ్రైవర్, ఫోన్ టార్చ్, కాలిపోగా మిగిలిన అగరుబత్తి పుల్ల ఒకటి, ఇంట్లో పడున్న పాత శుభలేఖ ఒకటి, ఉంటే మల్టీమీటర్. పుల్ల, శుభలేఖ ఎందుకంటే కాసేపట్లో చెప్తాను.

పేరు పక్కన పెట్టి ఆకారం చూడండి

సింగిల్ కాయిల్ అంటే ఆరు పోల్స్ (స్ట్రింగ్‌కి ఒకటి చొప్పున ఉండే లోహపు బొడిపెలు) ఒకే వరసలో ఉంటాయి, స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్) రకం కవర్ సుమారు 70 మి.మీ. పొడవు, 18 మి.మీ. వెడల్పు. హంబకర్ అంటే రెండు కాయిల్స్ పక్కపక్కన, సుమారు 70 కి 38. పీ-90 అని ఇంకో రకం సింగిల్ కాయిల్ ఉంది, అందులో సోప్‌బార్ అనేది ఇంకా పెద్దది, హంబకర్ గుంతలో దిగదు, అయితే అదే పీ-90ని హంబకర్ సైజులో చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. టెలీకాస్టర్ (ఇదీ ఫెండర్‌దే) నెక్ పికప్, అంటే మెడ వైపుది, సన్నగా, మామూలుగా మెటల్ మూతతో ఉంటుంది, స్ట్రాట్ పికప్‌కీ దానికీ సంబంధం లేదు. టెలీ బ్రిడ్జ్ పికప్ అయితే ఏకంగా బ్రిడ్జ్ ప్లేటుకే మూడు స్క్రూలతో వేలాడుతూ ఉంటుంది, దాని బదులు స్ట్రాట్‌ది పెడదామంటే స్క్రూలు ఎక్కడా కలవవు. ఫెండర్ జాజ్‌మాస్టర్ పికప్ వెడల్పుగా పలకలాగా ఉంటుంది, దాని దారి దానిదే.

చూడగానే సింగిల్ కాయిల్ అనిపించేది లోపల హంబకర్ కావొచ్చు. సన్నటి రెండు ఇనుప పట్టీలు పక్కపక్కన ఉండే రెయిల్స్ రకం పికప్‌లు స్ట్రాట్ గుంతలోనే కూర్చుంటాయి. ఇది గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. గిబ్సన్ అనే గిటార్ కంపెనీలో హంబకర్ తయారు చేసింది సెత్ లవర్, 1955లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. ఆ మనిషే తర్వాత ఫెండర్‌కి మారి, 1970ల మొదట్లో అక్కడ వైడ్ రేంజ్ అని ఇంకో హంబకర్ చేశాడు. చేసిన చెయ్యి ఒకటే, రెండూ హంబకర్లే, అయినా అసలు వైడ్ రేంజ్ సైజు పెద్దది కాబట్టి మామూలు హంబకర్ గుంతలో పట్టదు. ఆ తర్వాత మళ్లీ విడుదల చేసినవాటిలో కొన్ని పైకి పెద్ద మూత, లోపల మామూలు సైజు. ఇంత గందరగోళం ఉన్నప్పుడు బాక్స్ మీద పేరు చూసి కొనేదెట్లా చెప్పండి?

ఏడు స్ట్రింగ్స్ గిటార్, ఫ్రెట్లు ఏటవాలుగా ఉండే మల్టీస్కేల్ గిటార్ ఉన్నవాళ్లు ఈ దశలోనే ఆగి, మీ మోడల్‌కే ప్రత్యేకంగా చేసిన పికప్ వెతుక్కోండి. మిగతాది మామూలు ఆరు స్ట్రింగ్స్ వాళ్లకి.

పికప్ దేనికి పట్టుకుని ఉంది?

టెలీ బ్రిడ్జ్‌ది పక్కన పెడితే మూడే పద్ధతులు. పిక్‌గార్డ్‌కి (చెక్క మీద బిగించే ప్లాస్టిక్ పలక) స్క్రూలతో వేలాడటం, చుట్టూ ప్లాస్టిక్ రింగుతో పట్టుకోవడం, నేరుగా చెక్కలోకే స్క్రూ దిగడం. మీదేదో చూసి, అటూ ఇటూ ఉన్న రెండు ఎత్తు స్క్రూల మధ్య దూరం కొలవండి, ఒక స్క్రూ నడిమధ్య నుంచి ఇంకో స్క్రూ నడిమధ్యకి. మామూలు హంబకర్‌కి ఇది 78, 79 మి.మీ. దగ్గర ఉంటుంది, స్ట్రాట్ సింగిల్ కాయిల్‌కి 77 అటూ ఇటూ. కొత్త పికప్ డ్రాయింగులో ఉన్న అంకె దీనికి ఒక మిల్లీమీటరు తేడాలో ఉంటే భయపడాల్సింది లేదు, పిక్‌గార్డ్ రంధ్రాన్ని సన్నటి ఆకురాయితో కొద్దిగా లాగొచ్చు. రెండు మూడు దాటితే మాత్రం స్క్రూ వంకరగా దిగి, పికప్ ఒకవైపు లేచి ఒకవైపు కుంగి కూర్చుంటుంది.

నేరుగా చెక్కకి బిగించే గిటార్‌లో కొత్త పికప్ కాళ్లకి ఉన్న రంధ్రాలకి మర కోసి ఉందా, లేక ఉత్త రంధ్రాలా అనేది కూడా చూడండి. మర ఉన్న రంధ్రంలోంచి చెక్క స్క్రూ జారదు, దాన్ని పెద్దది చేసుకోవాలి. ఇంకో చిన్న విషయం, స్క్రూల మరలో అంగుళాల లెక్కది వేరు, మెట్రిక్ లెక్కది వేరు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పాత స్క్రూని కొత్త పికప్‌లోకి బలవంతంగా తిప్పి మర పాడుచేయకండి, కొత్తదాంతో వచ్చిన స్క్రూలే వాడండి.

విప్పండి

విప్పకుండా లోతు తెలియదు, లోతు తెలియకుండా కొనకూడదు. స్ట్రింగ్స్ వదులు చేయండి. ట్రెమోలో (కడ్డీ పట్టి ఊపితే కదిలే బ్రిడ్జ్) ఉన్న గిటార్ అయితే ఒక్కసారిగా అన్నీ వదిలేస్తే వెనక స్ప్రింగులు బ్రిడ్జ్‌ని లాగేస్తాయి, కాబట్టి బ్రిడ్జ్ కింద మడిచిన అట్టముక్క పెట్టి నిదానంగా వదలండి. స్ట్రాట్ పిక్‌గార్డ్‌కి ఇప్పటి మోడళ్లలో మామూలుగా 11 స్క్రూలు, పాత పద్ధతి వాటిలో 8. వీటిని నేను ఇడ్లీ రేకులో ఒక్కో గుంటలో రెండేసి వేస్తాను, ఎక్కడివక్కడ ఉంటాయి, మంచం కిందికి దొర్లవు. (రేకు మళ్లీ కడిగి పెట్టండి, లేకపోతే మరుసటి రోజు పొద్దున ఇంట్లో ఏమంటారో మీకే తెలుసు.)

పిక్‌గార్డ్ ఎత్తగానే వైర్ల ఫోటో రెండు మూడు తీసి పెట్టుకోండి. ఇనుప స్క్రూడ్రైవర్ మొనని పికప్ దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు జాగ్రత్త, అయస్కాంతం లాగి టక్కున కాయిల్‌కి గుచ్చుకుంటుంది. లోపల చుట్టిన రాగితీగ 0.06 మి.మీ. మందం ఉంటుంది, వెంట్రుకలాంటిది, ఒక్క గీత పడితే పికప్ పోయినట్టే.

లోతు: అసలు పని ఇక్కడే

అందరూ పోల్ స్పేసింగ్ (పోల్స్ మధ్య దూరం) గురించి టెన్షన్ పడతారు, లోతు గురించి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. నాది స్ట్రాట్ రకం చౌక గిటార్, బ్రిడ్జ్ దగ్గర హంబకర్ ఉండేది, చెక్క మందం 40 మి.మీ. (స్ట్రాట్ మందం మామూలుగా 45 దాకా ఉంటుంది, తక్కువ ధరవి కొన్ని పలచగా చేస్తారు.) మంచి హంబకర్ ఒకటి తెప్పించాను, పాతది పీకాను, వైరు కత్తిరించాను, సాల్డరింగ్ పెట్టాను, ఎంతో మురిసిపోయి స్ట్రింగ్స్ ఎక్కించాను. పికప్ వైపున్న చివరి ఫ్రెట్లు నొక్కితే స్ట్రింగ్ పోల్స్‌కి తగిలి టకటకమంటోంది. స్క్రూ ఎంత తిప్పినా పికప్ కిందికి దిగట్లేదు. సంగతేమిటంటే పాతదాని కాళ్లు పొట్టివి, కొత్తదాని కాళ్లు పొడవు, అవి గుంత అడుక్కి ఆనుకుని మొండికేశాయి.

హంబకర్‌ని తిరగేసి చూస్తే రెండు చివర్లా బేస్ ప్లేట్ నుంచి కిందికి వంగిన రెండు చెవుల్లాంటివి ఉంటాయి, కాళ్లు అనేది వాటినే. వాటిలో పొడుగు రకం, పొట్టి రకం ఉన్నాయి. గిబ్సన్ లెస్ పాల్ లాంటి మందమైన గిటార్లలో ఈ కాళ్ల కోసమే గుంత రెండు చివర్లా ఇంకాస్త లోతుగా తవ్వి ఉంటారు. పలచటి గిటార్‌లో ఆ తవ్వకం ఉండకపోవచ్చు.

ఇప్పుడు అగరుబత్తి పుల్ల తీయండి. దాన్ని గుంత అడుగుకి నిలువుగా ఆనించి, చెక్క పైఅంచు దగ్గర బొటనవేలి గోరుతో నొక్కి పట్టుకుని, అలాగే బయటికి తీసి స్కేలు మీద పెట్టండి. అదే లోతు. నడుమ ఒకచోట కొలిచి వదిలేయకుండా, కాళ్లు దిగే రెండు చివర్లా విడిగా కొలవండి, అడుగు ఎప్పుడూ సమంగా ఉండదు, మిషన్ వదిలేసిన మెట్టు ఒకటి ఉంటుంది, కొన్నిట్లో పెయింటు పేరుకుని ఉంటుంది. మూడు అంకెలు రాసుకోండి.

తర్వాత పాత పికప్ పై అంచు పిక్‌గార్డ్‌కి లేదా చెక్కకి ఎంత ఎత్తులో ఉందో విప్పకముందే కొలిచి ఉండాలి. (అవును, ఇది పైన చెప్పాల్సింది, విప్పేసి ఉంటే మళ్లీ పెట్టి కొలవండి.) లెక్క ఇలా. నా పికప్ తల నుంచి కాలి అడుగు వరకు 28 మి.మీ. పిక్‌గార్డ్ పైకి 9 మి.మీ. లేచి ఉండాలి, ఎందుకంటే చివరి ఫ్రెట్ నొక్కినప్పుడు స్ట్రింగ్‌కీ పోల్‌కీ మధ్య 2 నుంచి 3 మి.మీ. సందు కావాలి. మిగిలింది 19. అందులో పిక్‌గార్డ్ మందం 2 తీసేస్తే 17. అంటే చెక్కలో కనీసం 17 ఉండాలి. కాలు దాటి కిందికి వచ్చే స్క్రూ కొనకి ఇంకో 2 లేదా 3. మొత్తం 20 అనుకోండి. నా గుంత ఎంతో తెలుసా, 15.

స్క్రూ కొన పొడవైతే కత్తిరించుకోవచ్చు, దానికేం కాదు. కాళ్లు మాత్రం కత్తిరించకండి, ఎత్తు స్క్రూ పట్టుకునేది వాటినే. గట్టిగా వంచితే బేస్ ప్లేటుతో పాటు కాయిల్ కూడా కదులుతుంది.

నేనేం చేశానంటే, గిటార్ చెక్క మొత్తం విడదీసి ఏర్పేడు దగ్గర మాధవమాల తీసుకెళ్లాను, చెక్క బొమ్మలు చెక్కే ఊరు. ఒక పెద్దాయన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, వేలితో కొట్టి చూసి, ‘ఇదేం చెక్క నాయనా, బెండు మాదిరి ఉండాదే’ అన్నాడు. గుంత మొత్తం తవ్వాలేమో అనుకుని వెళ్లిన నాకు ఆయనే దారి చెప్పాడు, ‘అంతా ఎందుకు, కాళ్లు తగిలే కాడ రెండు చోట్ల తీస్తే సరిపోతాది కదా’ అని. తవ్వే ముందు చెక్క తిరగేసి వెనక స్ప్రింగుల గుంత చూపించమన్నాడు. అదీ ఆయనకే తట్టింది, నాకు కాదు. ముందు 15, వెనక స్ప్రింగుల గుంత 16, మధ్యలో మిగిలింది 9 మాత్రమే, అందులో 5 తీస్తే నాలుగే మిగులుతుంది. అదృష్టం కొద్దీ స్ప్రింగుల గుంత నడిమధ్యన సన్నగా ఉంది, పికప్ కాళ్లు దానికి బయట రెండు పక్కలా పడ్డాయి, అక్కడ నిండు చెక్క ఉంది. సన్నటి ఉలితో అంచులకి ముందు గీత కొట్టి, తర్వాత లోపల పొరలు పొరలుగా లేపాడు. పావుగంట పట్టింది. పెయింటు పెచ్చు ఒక్కటి కూడా లేవలేదు. ఇంట్లో సొంతంగా డ్రిల్లు పెట్టే ఉద్దేశం ఉంటే ఆ వెనక గుంత సంగతి మాత్రం మర్చిపోకండి.

శుభలేఖతో అచ్చు

పేరున్న పికప్ కంపెనీలు చాలావరకు, అంటే సీమోర్ డంకన్, డిమార్జియో, ఈఎంజీ లాంటివి, తమ పికప్‌ల కొలతల డ్రాయింగులు ఇస్తాయి. ఆ డ్రాయింగుని అసలు సైజులో ప్రింట్ తీయించండి. ఇక్కడ ఒక మోసం ఉంది. యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో ఇచ్చాను, తీసుకొచ్చి కొలిస్తే 70 ఉండాల్సింది 66 ఉంది. తప్పు ఆ పిల్లాడిది కాదు, ప్రింటర్ తనంతట తానే పేజీకి సరిపోయేలా కుదించేస్తుంది. ‘వంద శాతం సైజు పెట్టు తమ్ముడూ’ అని చెప్పి, కాగితం చేతికొచ్చాక అక్కడే స్కేలు పెట్టి చూసుకోండి.

ఆ కాగితాన్ని శుభలేఖ అట్టకి అంటించి అంచు వెంబడి కత్తిరించండి. బయటి ఆకారం, రెండు స్క్రూ రంధ్రాలు, ఆరు పోల్స్ అన్నీ సూదితో గుచ్చి గుర్తు పెట్టండి. ఇప్పుడు ఆ అట్టని పిక్‌గార్డ్ రంధ్రంలో, రింగులో, చెక్క గుంతలో పెట్టి చూడండి. మూలలు గమనించండి. పికప్ మూల గుండ్రంగా ఉందా, చదరంగా ఉందా అనేది అంకెల్లో తెలియదు, అట్ట పెట్టగానే తెలిసిపోతుంది. రెయిల్స్ రకం, కొన్ని యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) రకాల మూలలు చదరంగా ఉండి, గుండ్రటి మూలల రంధ్రంలో సరిగ్గా ఆ మూల దగ్గరే ఆగిపోతాయి. అట్ట కొంచెం వదులుగా దిగాలి, బిగుతుగా దిగితే అసలుది దిగదని అర్థం.

మెటల్ మూత ఉన్న హంబకర్ కొంటుంటే మూతతో కలిపి కొలత చూడండి. మూత లేని పికప్‌కి సరిపోయిన రింగు, మూత వేశాక పట్టేస్తుంది. రింగు మారుస్తుంటే బ్రిడ్జ్‌కి ఎత్తుది, నెక్‌కి పొట్టిది వాడతారని, లెస్ పాల్ తరహావాటికి ఏటవాలుగా ఉంటాయని గుర్తుంచుకోండి.

పోల్ స్పేసింగ్, అనవసరపు భయం

మొదటి పోల్ నడిమధ్య నుంచి ఆరో పోల్ నడిమధ్యకి దూరమే పోల్ స్పేసింగ్. గిబ్సన్ తరహా హంబకర్లకి 49, 50 మి.మీ. దగ్గర, ఫెండర్ తరహా బ్రిడ్జ్‌లకీ ఫ్లాయిడ్ రోజ్ అనే ట్రెమోలో బ్రిడ్జ్‌కీ చేసేవి 51 నుంచి 53 మధ్య ఉంటాయి. స్ట్రాట్ సింగిల్ కాయిల్స్‌లో పాత పద్ధతివి మూడూ 52, ఆసియాలో తయారయ్యే చాలా సెట్లలో నెక్‌కి 48, మధ్యది 50, బ్రిడ్జ్‌ది 52. ఎందుకంటే స్ట్రింగ్స్ నట్టు (మెడ పైచివర గాడులుండే పట్టీ) నుంచి బ్రిడ్జ్‌కి వచ్చేకొద్దీ విచ్చుకుంటూ వస్తాయి. బ్రిడ్జ్ సాడిల్స్ (స్ట్రింగ్ ఆనే ముక్కలు) దగ్గర కొలిచిన అంకె పికప్ దగ్గర ఉండదు, పికప్ మీదుగా పోయే చోట స్కేలు అడ్డంగా పెట్టి లావు ‘ఈ’ (E) స్ట్రింగ్ నుంచి సన్న ‘ఈ’ స్ట్రింగ్ వరకు కొలవాలి.

చిత్తూరులో గ్రీమ్స్‌పేటలో ఉండే ఒక తమ్ముడు చర్చిలో ఆదివారాలు వాయిస్తాడు. ఫోన్ చేసి, ‘అన్నా, నాది 52, నాకు నచ్చిన పికప్ 50, రెండు మిల్లీమీటర్లు తక్కువ, చివరి స్ట్రింగ్స్ సౌండ్ రాదంట, నిజమేనా?’ అని ఒకటే కంగారు. వాడి గిటార్ తెచ్చుకుని బస్సులో వచ్చాడు. నా దగ్గర 50ది ఒకటి, 52ది ఒకటి ఉన్నాయి. మిద్దె మీద కూర్చుని ఒకటి తర్వాత ఒకటి పెట్టి వాయించాను, వాడిని అటు తిరిగి కూర్చోమన్నాను. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ తప్పే చెప్పాడు. రెండు మి.మీ. తేడా అంటే ఒక్కోవైపు ఒక్కటే మి.మీ. పడుతుంది. స్ట్రింగ్ పోల్ నడినెత్తిన లేకపోయినా అయస్కాంత క్షేత్రంలోనే ఉంటుంది. చూడ్డానికి వంకరగా ఉందని మనసు ఒప్పుకోకపోతే అది వేరే సంగతి. మూడు నాలుగు మి.మీ. తేడా వచ్చినప్పుడు ఆలోచించండి, లేదా రెయిల్స్ రకం తీసుకోండి, దాంట్లో పట్టీ అడ్డంగా నిండుగా ఉంటుంది కాబట్టి ఈ గొడవే లేదు.

కానీ స్పేసింగ్ నిజంగానే అడ్డం పడే చోటు ఒకటుంది, అది కవరు. పాత గిటార్‌కి పసుపెక్కిన కవర్లు ఉన్నాయి, కొత్త పికప్‌కి కూడా అవే వేస్తే పాత కళ ఉంటుందని ఆశపడితే, 50 రంధ్రాల కవర్లోంచి 52 పోల్స్ దూరవు. కవర్లు విడిగా కొన్నా సరే 48, 50, 52 అంకె చూసి కొనండి.

వైర్లు, పాట్‌లు, బ్యాటరీ

చెక్కలో పట్టినంత మాత్రాన పని అయిపోదు. కొత్త పికప్ వైరు ఎంత పొడవు, మీ స్విచ్ దాకా అందుతుందా? సెమీహాలో (లోపల కొంత బోలుగా ఉండే) గిటార్లలో, లెస్ పాల్‌లో స్విచ్ దూరంగా ఉంటుంది కాబట్టి ముఖ్యంగా చూడండి. వైరు ఎన్ని తీగలది? అల్లిక తొడుగుతో ఒకే తీగ ఉంటే కాయిల్ స్ప్లిట్ (హంబకర్‌లో ఒక్క కాయిల్‌నే వాడటం) కుదరదు, నాలుగు తీగలు, ఒక ఉత్త తీగ ఉంటే కుదురుతుంది. రంగులు కంపెనీకో రకం. సీమోర్ డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ తీగ), ఆకుపచ్చ గ్రౌండ్, ఎరుపు తెలుపు కలిపి కట్టేయాలి. డిమార్జియోలో ఎరుపు హాట్, ఆకుపచ్చ గ్రౌండ్, నలుపు తెలుపు కలిపి కట్టేయాలి. ఒకదాని బొమ్మ చూసి ఇంకోదాన్ని కలిపితే సౌండు పీలగా వస్తుంది లేదా అసలు రాదు.

పాట్‌లంటే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండేవి, కే అంటే కిలో ఓమ్స్. సింగిల్ కాయిల్స్‌కి మామూలుగా 250కే పాట్‌లు, హంబకర్‌కి 500కే. 250కే మీద హంబకర్ పనిచేస్తుంది, కొంచెం మూగగా వినిపిస్తుంది, అంతే. ఈఎంజీ లాంటి యాక్టివ్ పికప్ మాత్రం వేరే లోకం. హంబకర్ సైజులోనే వస్తుంది, గుంతలో హాయిగా కూర్చుంటుంది, ఆ తర్వాతే మొదలవుతుంది కథ. 9 వోల్టుల బ్యాటరీకి చోటు కావాలి, 25కే పాట్‌లు కావాలి, స్టీరియో జాక్ కావాలి. బ్యాటరీని కంట్రోల్ గుంతలో పెట్టి మూత వేసి చూడండి. మూత పడకపోతే వెనక బ్యాటరీ డబ్బా కోసం ఇంకో గుంత తవ్వించాలి. పుష్ పుల్ పాట్ (నాబ్ పైకి లాగితే స్విచ్‌లా పనిచేసేది) వేద్దామనుకున్నా ఇదే పరీక్ష, అది మామూలు పాట్ కంటే బాగా పొడుగు, పుల్ల పెట్టి కంట్రోల్ గుంత లోతు కూడా కొలవండి.

ఒక్క పికప్ మాత్రమే మార్చి మిగతావి పాతవే ఉంచుతుంటే ఫేజ్ కలవాలి, అంటే అన్నిటి సిగ్నల్ ఒకే దిశలో ఉండాలి. పికప్ వచ్చాక, వైరు కత్తిరించకముందే, మల్టీమీటర్‌ని 20కే ఓమ్స్ మీద పెట్టి హాట్‌కి ఎర్ర ప్రోబ్, గ్రౌండ్‌కి నల్ల ప్రోబ్ పట్టించండి. స్క్రూడ్రైవర్ కడ్డీని పోల్స్‌కి నిదానంగా ఆనించి చటుక్కున పైకి లాగండి. అంకె ఒక్క క్షణం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. పాత పికప్‌కి కూడా అలాగే చేయండి. రెండూ ఒకే వైపు కదిలితే సరే, ఎదురుగా కదిలితే హాట్, గ్రౌండ్ తారుమారు చేయాలి. ఒకే తీగ అల్లిక వైరు ఉన్నదానికి ఇది అంత తేలిక కాదు, తొడుగే గ్రౌండ్ కదా. ముల్లుండే పాత మీటర్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి, దాంట్లో ఇది చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

పడదని తేలితే

లోతు చాలకపోతే పొట్టికాళ్ల హంబకర్ వెతకండి, కొన్ని కంపెనీలు అవే ఇస్తాయి. మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న స్ట్రాట్‌లో బ్రిడ్జ్‌కి హంబకర్ కావాలనుకుంటే ముందు పిక్‌గార్డ్ ఎత్తి లోపల చూడండి. చాలా గిటార్లలో చెక్క ముందే హంబకర్‌కి సరిపడా తవ్వి ఉంటుంది, కొన్నిట్లో స్నానాల తొట్టిలా మొత్తం ఒకటే గుంత. అప్పుడు పిక్‌గార్డ్ ఒక్కటి మారిస్తే చాలు. తవ్వి లేకపోతే, చెక్క జోలికి వెళ్లకుండా, పైన చెప్పిన రెయిల్స్ రకం, సింగిల్ కాయిల్ సైజు హంబకర్ తీసుకోండి. చిత్తూరు తమ్ముడు చివరికి అదే వేయించుకున్నాడు.

పార్సిల్ వచ్చిన రోజు ఇంకొక్క పని. వైరు ముట్టకుండా, పికప్‌ని దాని చోట పెట్టి స్క్రూలు బిగించి, లావు ‘ఈ’, సన్న ‘ఈ’ రెండే స్ట్రింగ్స్ ఎక్కించండి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని సందులో ఒక్క రూపాయి బిళ్లలు రెండు కలిపి దూర్చి చూడండి, దగ్గరదగ్గర 3 మి.మీ. అవుతుంది. స్క్రూ తిప్పితే పికప్ ఇంకా కాస్త కిందికి దిగాలి, పైకి రావాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. దిగిందా, ఇక సాల్డరింగ్ ఐరన్ వేడెక్కించండి. దిగలేదా, బాక్సులో ఎలా వచ్చిందో అలాగే సర్ది వాపసు పెట్టండి, గడువు తేదీ బిల్లు మీదే ఉంటుంది.